కుందేలు మూల ట్రే రివ్యూ: పిల్లగా ఉన్నన్నాళ్లు సరే, పెరిగాక?

కుందేలు పిల్లకు బోను కొన్నవాళ్లు దాంతోపాటే, అది మలమూత్రాలకు వాడుకునేందుకు మూలలో పెట్టే ఈ మూడు మూలల ప్లాస్టిక్ ట్రే కూడా కొనేస్తుంటారు. సెట్‌లో సాధారణంగా ఒక తొట్టి, దాని మీద పరిచే జాలీ, బోను కడ్డీలకు తగిలించే కొక్కేలు ఉంటాయి. కొన్నిట్లో చిన్న పార కూడా ఇస్తారు. కంపెనీలు, రంగులు మారినా అచ్చు మాత్రం ఇంచుమించు ఒకటే. 5కి 2 మార్కులు. ఆ రెండూ కొక్కేలకూ, ఎత్తు తక్కువున్న ముందు అంచుకూ.

ఆలోచన తప్పు కాదు. ఎవరూ నేర్పకుండానే కుందేలు ఏదో ఒక మూల ఎంచుకుని అక్కడే మూత్రం పోస్తుంది. కాబట్టి ట్రే మూలలో ఉండాల్సిందే. ట్రే కూడా మూల ఆకారంలోనే ఉండాలని ఎక్కడా లేదు. ఆ ఆకారం కలిసొచ్చేది బోనులో చోటుకి, కుందేలుకి కాదు.

అసలు చిక్కు ఎక్కడంటే, కుందేలు ట్రేలోకి తల ముందుపెట్టి వెళ్తుంది. ముందుకు పోయేకొద్దీ త్రికోణం ఇరుకవుతుంది, తిరగడానికి చోటుండదు, పిరుదులు ముందు అంచు దాటి బయటే ఉండిపోతాయి. తోక ఎత్తి పోస్తే తడిసేది బోను అడుగే. ఇంట్లోవాళ్లేమో 'దీనికి ఎంత చెప్పినా రావడం లేదు' అంటారు. పాపం, అది నేర్చుకుంది. ముందు కాళ్లు రెండూ ట్రేలోనే ఉన్నాయి కదా! పక్కలు 25–30 సెంటీమీటర్లుండే ఈ ట్రే చిన్న పిల్లకు సరిపోతుంది. పెరిగిన కుందేలుకి నాలుగు కాళ్లూ లోపల పెట్టి ఒక చుట్టు తిరిగేంత చోటు కావాలి. మధ్యరకం కుందేలుకి కనీసం 45×35 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రం, అంటే పిల్లులకు వాడే పెద్ద ట్రే గానీ, బట్టలు దాచుకునే మూతల ప్లాస్టిక్ డబ్బా గానీ.

ఎత్తు విషయంలో సగం మెచ్చుకోవాలి. ముందు అంచు తక్కువ కాబట్టి పిల్ల కూడా సులువుగా ఎక్కుతుంది. వెనక గోడ మాత్రం పొట్టి. కుందేలు నడుము లేపి వెనక్కి చిమ్ముతుంది కాబట్టి వెనకవైపు 20–25 సెంటీమీటర్లుంటేనే లోపల పడుతుంది. డబ్బా వాడితే ఒక పక్క 8–10 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే మిగిలేలా కోసి, కోసిన అంచుని గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. లేదంటే పొట్ట గీసుకుంటుంది.

జాలీని పెట్టెలోంచి తీసి పక్కన పడేయండి. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాళ్లకు మెత్తలు ఉండవు, ఉన్నది బొచ్చు మాత్రమే. గంటల తరబడి జాలీ మీద కూర్చుంటే బొచ్చు అరిగి మడమల దగ్గర పుండ్లు పడతాయి. కన్నాలు పెద్దవైతే పిల్ల వేళ్లు ఇరుక్కుంటాయి కూడా. కాళ్లు తడవకుండా, లిట్టర్ (తడి పీల్చడానికి ట్రేలో పోసే సరుకు) తవ్వకుండా జాలీ ఆపుతుందని అమ్మేవాళ్ల వాదన. ఆ పని లిట్టర్ మీద ఒక దోసెడు ఎండుగడ్డి పరిస్తే జరిగిపోతుంది.

కొక్కేలు నిజంగా పనికొస్తాయి. కుందేలు ట్రే అంచుని పళ్లతో పట్టి లేపి తిరగేయడంలో దిట్ట. కొక్కెం తగిలిస్తే ఆ ఆట కట్టు. డబ్బా వాడేవాళ్లు ఆఫీసు కాగితాలకు పెట్టే పెద్ద ఇనుప క్లిప్పులతో దాన్ని బోను కడ్డీలకు బిగించవచ్చు.

ఈ ట్రేలో ఇంకో పెద్ద లోటు గడ్డికి చోటు లేకపోవడం. కుందేలు గడ్డి నములుతూనే పెంటికలు వేస్తుంది. అలవాటు చేయడంలో సగం పని ఈ ఒక్క గుణమే చేసిపెడుతుంది. దీర్ఘచతురస్రం ట్రేకి ఒక కొసన గడ్డి కుప్ప వేసినా, పైన గడ్డి బుట్ట వేలాడదీసినా, కుందేలు తినడానికని వచ్చి అక్కడే కానిస్తుంది. త్రికోణంలో గడ్డి వేస్తే కుందేలుకి చోటుండదు, కుందేలు కూర్చుంటే గడ్డికి ఉండదు. గడ్డి బుట్ట బోనులో అటు చివర, ట్రే ఇటు చివర ఉన్నాయంటే పెంటికలన్నీ గడ్డి కిందే దొరుకుతాయి.

లిట్టర్‌గా కాగితం పెల్లెట్లు (గుళికలు), లేదా వేడికి ఆరబెట్టి చేసిన చెక్క పెల్లెట్లు మంచివి. 2–3 సెంటీమీటర్లు పోస్తే చాలు, ఎక్కువ పోస్తే తవ్విపోస్తుంది. తడికి గడ్డకట్టే పిల్లుల మట్టి లిట్టర్ వద్దే వద్దు: కుందేలు దాన్ని కొరుకుతుంది, అది పేగులో ఉబ్బి అడ్డుపడుతుంది. మొక్కజొన్న కండె ముక్కలతోనూ అదే భయం. దేవదారు, పైన్ పొట్టులో వాసన వేసే పదార్థాలు కాలేయం మీద చెడుగా పనిచేస్తాయి. సువాసన కలిపినవి కుందేలు ముక్కుకి మంచివి కావు.

అలవాటు చేసే పద్ధతికి ఏ ట్రే అయినా ఒకటే. 8–12 వారాల వయసులో మొదలుపెట్టవచ్చు. మొదటి వారం పిల్లని ఇల్లంతా వదలకుండా, సుమారు మీటరు పొడవూ వెడల్పూ ఉన్న ఆవరణలో ఉంచండి. మూత్రం తుడిచిన కాగితం, నాలుగు పెంటికలు ట్రేలో వేసి ఉంచండి. రెండు మూడు రోజులు వరసగా వేరే మూల వాడుతుంటే పట్టుదలకి పోకుండా ట్రేనే అక్కడికి జరపండి. ట్రే బయట పోసినప్పుడు వెంటపడి ఎత్తుకొచ్చి ట్రేలో కూలేస్తే అది నేర్చుకునేది ట్రే అంటే భయమే. తడిని కాగితంతో అద్ది ట్రేలో పెట్టి, ఆ చోటుని వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచేయండి. ట్రేలో పడుకుంటే పడుకోనివ్వండి. వారం పాటు బయట మూత్రం కనిపించకపోతే ఆవరణ కొంచెం పెంచండి. మళ్లీ తప్పితే తగ్గించండి. గది మొత్తం ఇచ్చాక రెండో ట్రే కావాల్సి రావచ్చు.

మూత్రానికీ పెంటికలకీ తేడా తెలియకపోతే అనవసరంగా నిరాశపడతారు. మూత్రం ట్రేలో పోయడం పిల్లకి త్వరగా అలవాటవుతుంది. అక్కడక్కడ రాలే పొడి పెంటికలు చాలావరకు 'ఇది నా చోటు' అని వేసే గుర్తులు. ఇక 3–6 నెలల మధ్య హార్మోన్లు లేస్తాయి, బుద్ధిగా ఉన్న కుందేలు సోఫా మీద పోయడం మొదలుపెడుతుంది. ఆ వయసులో ట్రే మార్చీ లిట్టర్ మార్చీ ప్రయోజనం లేదు. కుందేళ్లు తెలిసిన పశువైద్యుడి దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది, అయితే హార్మోన్లు సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

కడగడంలో మూల ట్రే విసిగిస్తుంది. కుందేలు మూత్రంలో కాల్షియం ఎక్కువ, ఎండితే తెల్లటి పొరలా పట్టేస్తుంది, అదీ ఈ ట్రేలో బ్రష్ దూరని ఇరుకు కోణంలోనే. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి అరగంట నానబెడితే వదులుతుంది. బ్లీచ్ మాత్రం వాడొద్దు. మూత్రంలోని అమ్మోనియాతోనూ వెనిగర్‌తోనూ కలిస్తే విషవాయువులు పుడతాయి. రోజూ గానీ, రోజు మార్చి రోజు గానీ లిట్టర్ మార్చాలి. అలవాటు పడేదాకా ప్రతిసారీ కొన్ని పెంటికలు వెనక్కి వేయడం మరవొద్దు, తళతళలాడే ట్రేని కుందేలు గుర్తుపట్టదు.

ట్రేలో నారింజ, ఎరుపు రంగు కనిపిస్తే కంగారు పడకండి, తిన్న ఆకుల్లోని రంగులవల్ల అలా అవుతుంది. అది ఒకటి రెండు రోజుల్లో పోకపోయినా, రక్తపు చారలు కనిపించినా, పోయడానికి ముక్కుతున్నా, బాగా అలవాటైన కుందేలు ఉన్నట్టుండి అన్నిచోట్లా పోస్తున్నా వైద్యుడికి చూపించాలి. తిండి మానేసి, 10–12 గంటలుగా ట్రేలో పెంటికలు లేకపోతే అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగకూడదు.

కొనాలా అంటే, మూడు నెలలు నిండని పిల్లకీ, గది మూలలో పెట్టే రెండో ట్రేగానూ పనికొస్తుంది. ఇప్పటికే కొనేసి ఉంటే జాలీ తీసేసి, గడ్డి బుట్టని ట్రే పక్కనే నోటికి అందేలా తగిలించి వాడుకోండి. కుందేలు పిరుదులు అంచు మీదికి రావడం మొదలైన రోజున కొక్కేలు విప్పి దాచుకుని, తొట్టి మార్చేయండి.