డ్రై టోర్టుగాస్ పేరు చెప్పి పడవ టికెట్లు అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఫ్లోరిడాలోని డ్రై టోర్టుగాస్ దీవుల నేషనల్ పార్కుకి ఫెర్రీ టికెట్లు దొరక్క కీ వెస్ట్ ఊరి రేవులో దిక్కులు చూస్తుంటే చిన్న పడవల వాళ్లు వచ్చి పట్టుకుంటారు కదా, అలాంటి ఒకడి చేతిలో నిన్న నిలువునా మోసపోయాం. ఇంకా ఒళ్లు మండిపోతోంది.

"బర్డ్ వాచింగ్, స్నార్కెలింగ్ స్పెషల్" అన్నాడు. అక్కడి ఫోర్ట్ జెఫర్సన్ కోట కందకం గోడ వెంట ఈత కొట్టొచ్చన్నాడు, బుష్ కీ అనే చిన్న దీవి మీద వేలకొద్దీ సూటీ టెర్న్ పక్షులన్నాడు. ఫెర్రీ కన్నా ఎక్కువే గుంజాడు. మా నాన్నగారు ఆ టెర్న్‌ల కోసమే వచ్చారు. గూళ్లు పెట్టే కాలంలో బుష్ కీ మీద అడుగు పెట్టనివ్వరు, పక్కనున్న గార్డెన్ కీ నుంచే చూడాలి. అందుకని బైనాక్యులర్స్ రేవులోనే మెడలో వేసేసుకున్నారు.

గంట తిరక్కుండానే ఇంజిన్ ఆపేశాడు. టోర్టుగాస్‌కి ఉన్న 110 కిలోమీటర్లు అప్పుడే వచ్చేశామట! ఎటు చూసినా కోట లేదు. కోటీ అరవై లక్షల ఇటుకల కోట ఎక్కడ దాక్కుంటుందండీ? ఎదురుగా నీళ్లలో ఇనుప స్తంభాల మీద ఒక లైట్‌హౌస్. ఫోన్ తీస్తే సిగ్నల్ నిండుగా ఉంది. టోర్టుగాస్‌లో సిగ్నల్ అనేదే ఉండదు. మ్యాప్ చూస్తే అది శాండ్ కీ అనే చోటు, కీ వెస్ట్ ఊరికి పట్టుమని పన్నెండు కిలోమీటర్లు కూడా లేదు.

నాన్నగారు "ఇదేనట్రా?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. వాడిని అడిగితే, వాతావరణం బాగాలేక దారి మార్చాడట. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది! గట్టిగా నిలదీస్తే, లైట్‌హౌస్ మీద కూర్చున్న పెలికాన్‌ని చూపించి, "పక్షులు అడిగారుగా, అదిగో. నీళ్లు అడిగారు, దూకండి" అని నవ్వాడు. పెద్దాయన ముందు ఆ నవ్వు! డబ్బు పోయినందుకు కన్నా దానికే నాకు నిద్ర పట్టలేదు. ఈతకి వాడిచ్చిన మాస్క్ కూడా ఒక పక్క నుంచి కారుతోంది, అది వేరే సంగతి. నాన్నగారు బైనాక్యులర్స్ తీసి సంచిలో పెట్టేసుకుని, తిరుగు దారిలో ఒక్క మాట మాట్లాడలేదు.

డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు. కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, చూడాలి.

వెళ్లేవాళ్లు ఫెర్రీ గానీ సీప్లేన్ గానీ నెలల ముందే బుక్ చేసుకోండి. ప్రైవేటు పడవైతే పార్కు ఇచ్చిన పర్మిట్ చూపించమనండి, నసిగితే ఎక్కకండి. రసీదు మీద డ్రై టోర్టుగాస్ అని ఉందో లేదో కూడా చూసుకోండి. మా దాని మీద ఉత్త "ఐలాండ్ ట్రిప్" అనే ఉంది.