పలాస జీడిపప్పు: మైక్రోవేవ్‌లో వేయించాలా, మూకుడులోనా?

పోపులోకి పది పలుకులే కావాలంటే మైక్రోవేవ్ జోలికి పోవద్దు. అంత తక్కువ పప్పు పెడితే వేడంతా వాటికే తగిలి కొన్ని మాడతాయి. మూకుడులో నెయ్యి ఎలాగూ కాగుతోంది, సన్న సెగమీద రెండు నిమిషాల పని.

పలాస వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన గుండుపప్పు ఓ వంద గ్రాములు వేయించి ఉప్పూకారం చల్లుకోవాలంటే మాత్రం మైక్రోవేవే మేలు. వెడల్పాటి గాజు పళ్లెంలో ఒకే వరసగా పరిచి, చెంచాడు నెయ్యి పట్టించి, 800 వాట్లలో నిమిషం పెట్టి కలపండి. ఆపైన అరనిమిషం చొప్పున, మొత్తం మూడు నిమిషాలకు అటూఇటూ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: మూకుడులో పైన ఎర్రబడినా లోపల పచ్చిగా ఉండొచ్చు, ఇందులో పైకి తెల్లగా కనిపిస్తూనే లోపల మాడొచ్చు. రంగును నమ్మకుండా ఒక పప్పు విరిచి చూడండి. లోపల లేత గోధుమరంగు రాగానే తీసేయాలి. బయటపెట్టాక కూడా ఆ వేడికి ఇంకాస్త వేగుతుంది. గుండుపప్పు కాక, రెండుగా విడిన బద్దలైతే ఇంకా ముందే తీయాలి.

ప్లాస్టిక్ డబ్బా వద్దు, నెయ్యి మరిగే నీళ్లకన్నా ఎక్కువ వేడెక్కి దాన్ని కరిగిస్తుంది. స్టీలు పళ్లెమైతే నిప్పురవ్వలు రావచ్చు.

వానాకాలంలో మెత్తబడ్డ వేయించిన పప్పుకి అరనిమిషం చాలు. తీయగానే మెత్తగానే ఉంటుంది, చల్లారాకే కరకరలాడుతుంది.