తిరుపతిలో తాగే నీళ్లు: ఆర్‌ఓ మిషన్ (నీళ్లు శుద్ధి చేసేది) పెట్టించాలా, క్యాన్ తెప్పించాలా?

ముందు మీ కుళాయిలో వచ్చేవి ఏ నీళ్లో కనుక్కోండి. కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లయితే కాచి వడగట్టుకుంటే చాలు. ఈ గొడవంతా బోరు నీళ్లకే, అదీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటితే.

ఖర్చు: ఆర్‌ఓకి ఒకేసారి వేలల్లో, ఆపైన ఫిల్టర్లు, మెంబ్రేన్ (ఉప్పుని ఆపే పొర) మార్చే ఖర్చు. క్యాన్‌కి చిల్లరే, కానీ ఏడాదికి లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి.

శ్రమ: క్యాన్‌ని మూడో అంతస్తుకి మోసేదెవరు?

రిస్క్: సీలు సరిగా లేని క్యాన్‌లో ఏ బోరు నీళ్లున్నాయో దేవుడికే తెలియాలి. ఆర్‌ఓ అయితే తాగే నీళ్లకన్నా ఎక్కువ పారబోస్తుంది (అంట్లకి వాడుకోండి), పైగా ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేసిన ఏడాది బోరే ఎండిపోతే ఆ మిషన్ గోడకి అలంకారమే.

అద్దె గదిలో ఒకరిద్దరుంటే క్యానే. సొంతిల్లు, నలుగురు మనుషులు, ఉప్పు బోరు అయితే ఆర్‌ఓ. వేసవికి మాత్రం క్యాన్ల అబ్బాయి నంబరు దగ్గరుంచుకోండి.