గరి దీవి అందం, మా నాన్న పస్తు

టూర్‌కి మనిషికి 245 డాలర్లు, నలుగురికి 980. ఫెర్రీ, ఫోర్ వీల్ డ్రైవ్ బండి, మధ్యాహ్న భోజనం అన్నీ అందులోనే అన్నారు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని గరి దీవికి (2023 దాకా అధికారికంగా ఫ్రేజర్ ఐలాండ్) ఆ డబ్బు పెట్టొచ్చు. భోజనం విషయంలో మాత్రం ఆ టూర్ కంపెనీ మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

బుక్ చేసేటప్పుడే చెప్పాను, అమ్మానాన్నలు ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరని. "నో ప్రాబ్లమ్" అంది ఆ కంపెనీ అమ్మాయి. మెయిల్‌లో కూడా రాయించుకున్నాను. డింగోలు (అక్కడి అడవి కుక్కలు) తిరుగుతుంటాయి కాబట్టి బయటి తిండి తేవద్దన్నారు. దాంతో అమ్మ కలిపిన పులిహోర మోటల్ ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. తీరా మధ్యాహ్నం 'వెజ్' అని స్టిక్కర్ అంటించిన డబ్బా తెరిస్తే గుడ్డు, చీజ్ కలిపి బేక్ చేసిన ముక్క, పక్కన నాలుగు ఆకులు. నాన్న దాన్ని ఫోర్క్‌తో విడదీసి చూసి, మూత పెట్టేశారు. "ఆకలిగా లేదులే అమ్మా" అన్నారు. పొద్దున ఆరింటికి రెండు బ్రెడ్ ముక్కలు తిని బయల్దేరిన మనిషి! ఆయన తినలేదని అమ్మా ముట్టుకోలేదు. మా ఆయన ఆ తర్వాత గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. డ్రైవరే పాపం కంగారుపడి, తన సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి నాన్న చేతిలో పెట్టాడు. తిరిగొచ్చాక మెయిల్ పెడితే, వచ్చేసారి పది శాతం తగ్గింపు ఇస్తామని జవాబు. రీఫండ్ ఊసే లేదు. డెబ్బై ఏళ్ల మనిషిని పస్తు పెట్టి, మళ్లీ మా దగ్గరికే రండి అనడానికి నోరెలా వచ్చిందో!

దీవికి బయల్దేరే ఊరు హెర్వీ బే, బ్రిస్బేన్ నుంచి మూడున్నర గంటల డ్రైవ్. మోటల్ రాత్రికి 168 డాలర్లు, శుభ్రంగా ఉంది.

దీవి అంతా ఇసుకే. ప్రపంచంలో ఇంత పెద్ద ఇసుక దీవి ఇంకోటి లేదు. 1992లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ ఇసుకలోనే ఆకాశమంత ఎత్తు చెట్లతో వర్షారణ్యం ఎలా పెరిగిందా అని నాన్న డ్రైవర్‌ని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. ఇక్కడి శాటినే చెట్టు కలపను సముద్రపు పురుగు తొలవలేదట, అందుకే సూయజ్ కాలువ పనులకు తీసుకెళ్లారని చెప్పాడు. వాంగూల్బా వాగు దగ్గర అయితే నాన్న వంతెన మీద నుంచి కదల్లేదు. తెల్లటి ఇసుక మీద అలికిడి లేకుండా పారుతుంది. ఒక ఆకు కొట్టుకుపోతుంటే గానీ అక్కడ నీళ్లున్నాయని తెలియలేదు.

మెకంజీ సరస్సులో ఉన్నదంతా వాన నీరే, ఏ వాగూ వచ్చి కలవదు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మోకాళ్ల లోతు దాకా దిగింది. అక్కడ మాకిచ్చింది నలభై ఐదు నిమిషాలే, అన్యాయం. 1935లో తుఫానుకి కొట్టుకొచ్చిన మహేనో ఓడ దగ్గర అంతసేపు ఆపే బదులు ఇక్కడే ఉంచాల్సింది. ఆ తుప్పు ఇనుము ఫోటోకి బాగుంటుంది, అంతే.

అడవి దారి ఒంటి బండి వెడల్పు, లోతైన ఇసుక. వెనక సీట్లలో నడుం విరుగుతుంది. పెద్దవాళ్లకి ముందు సీట్లు అడిగి మరీ తీసుకోండి. సొంతంగా జీపు అద్దెకి తీసుకుని వెళ్దామనుకునే కుర్రాళ్లకి నా మాట: ఇసుకలో నడిపిన అలవాటు లేకపోతే వద్దు. 'సెవెంటీ ఫైవ్ మైల్ బీచ్' అనే తీరమే అక్కడ హైవే. పోటు సమయానికి అటూ ఇటూ రెండేసి గంటలు దాని మీద బండి నడపకూడదు. ఉప్పునీటి వల్ల బండి పాడైతే ఆ ఖర్చు సాధారణంగా మన నెత్తినే పడుతుంది.

తిండి సంగతి డ్రైవర్‌నే అడిగాను. గట్టి డబ్బాలో పెట్టి, తాళం వేసిన బండిలో ఉంచితే తెచ్చుకోవచ్చట. సరస్సు ఒడ్డున మాత్రం తినకూడదు. కాబట్టి మీ వాళ్లు శాకాహారులైతే ఆఫీసువాళ్లు వద్దన్నా ఈ నిబంధన చెప్పి, పులిహోర డబ్బా వెంట తీసుకెళ్లండి.