అనంతపురంలో ఇల్లు కొనేవాళ్లకు జాగ్రత్త: బ్రోకర్ ఫోన్లోని ‘క్రైమ్ రేటు’ కాగితం

ఇల్లు కొని ఏడాది తిరక్కముందే, మొన్న ఉగాదికి మా ఇంట్లో దొంగలు పడినారు. ఆరు తులాల బంగారం, పాప డిబ్బీలో చిల్లర పోయినాయి. దొంగతనం ఎవరింట్లోనైనా జరుగుతుంది, దానికోసం ఇంత రాయాల్సిన పనిలేదు. కానీ నేను ఆ ఇల్లు కొన్నదే ‘ఈ పక్క దొంగతనాలు ఉండవు’ అని ఒక కాగితం చూసి. దానికోసం మూడు లక్షలు ఎక్కువ కూడా పెట్టినాను. ఆ కాగితం ఇంకా ఊర్లో ఫోన్ల మీద తిరుగుతోంది. అందుకే రాస్తున్నా. వెంచర్ పేరు, బ్రోకర్ పేరు రాయను, దయచేసి అడగొద్దండి.

మాకు నచ్చినవి రెండిళ్లు. ఒకటి పాతూరు దిక్కు సందులో, రెండున్నర సెంట్లలో పాత మిద్దె. రెండోది దానికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఊరి బయట కొత్త వెంచర్లో. ముప్పై అడుగుల రోడ్డు, ముందర ఆర్చి, ఆర్చి మీద సీసీ కెమెరా. మా ఆవిడకు మిద్దె నచ్చింది. నాకు రోడ్డు నచ్చింది.

“పిల్లలున్నోళ్లు సార్, మీరే ఆలోచించుకోండి” అంటా బ్రోకర్ ఫోన్లో పీడీఎఫ్ తెరిచినాడు. ఒక పక్క టౌన్ స్టేషన్, ఒక పక్క రూరల్ స్టేషన్. మొత్తం కేసులెన్ని, జనాభా ఎంత, లక్షకు ఎన్ని. టౌన్ గడి ఎర్ర రంగు, రూరల్ గడి పచ్చ రంగు. టౌన్‌లో మూడు రెట్లు ఎక్కువ. ఆ అంకెలు ఎక్కడివో కింద ఒక్క ముక్క లేదు. నేను పద్దెనిమిదేళ్లుగా బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చునేవాణ్ణి. వంద నోటు ఇచ్చినా వెలుతురుకు పట్టుకొని చూస్తా. అట్లాంటిది ఆ కాగితాన్ని తిప్పి కూడా చూడలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆయన గొంతు తగ్గించి, “ఆ సందుల్లో ఎవరుంటారో మీకు తెలీదా సార్” అన్నాడు. నేను తలూపినాను. ఎవరుంటారో నాకు నిజంగా తెలీదు. అయినా తలూపినాను.

ఉగాదికి తాడిపత్రిలో అత్తగారింటికి పోయి మూడో రోజు పొద్దున వచ్చినాం. ముందు తలుపు తాళం వేసినట్టే ఉంది. వెనక తలుపు గడియను గడ్డపారతో పెకలించినారు, చెక్క చీలికలు వంటింటి దాకా పడినాయి. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, చీరలన్నీ మంచం మీద. ఫ్రిజ్‌లో నీళ్ల బాటిల్ తీసి తాగి, మూత మళ్లీ బిగించి వంటింటి బండ మీద పెట్టి పోయినారు. అంత తీరికగా ఉన్నారన్న మాట. బంగారం కంటే ఆ మూత చూసినప్పుడే నాకు కాళ్లు వణికినాయి. పాప మాత్రం డిబ్బీ పెంకులు ఏరుకుంటా కూర్చుంది.

ఆర్చి మీద కెమెరా సంగతి చెప్తా. ఎస్సై వచ్చి ఫుటేజీ అడిగితే, వాచ్‌మన్ నెత్తి గోక్కున్నాడు. నిచ్చెన వేసి చూస్తే అది ఉత్త డొల్ల. దానికి వైరే లేదు.

అంతకుముందు స్టేషన్ల మధ్య తిరుగుడు. వెంచర్ ముందు రోడ్డు ఒక స్టేషన్ పరిధిలోకి వస్తుందంట, మా వెనక లైను ఇంకో స్టేషన్ కిందికి వస్తుందంట. దగ్గర స్టేషన్‌కు పోతే “అది మా లిమిట్స్ కాదు సార్, అక్కడికి పోండి” అన్నారు. నాకు అప్పుడు తెలీదు, మీరు తెలుసుకోండి: 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన, పోలీసులు కేసు ఎట్లా నడపాలో చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా మీరు పోయిన స్టేషన్లోనే ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం. తీసుకోనంటే అదే సెక్షన్ కింద ఎస్పీకి రాసి పంపొచ్చు. నేను మాత్రం రెండో స్టేషన్‌కు పోయి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చొని కేసు పెట్టించుకున్నా.

అసలు సంగతి బయటపడింది వెల్డింగ్ షాపులో. కిటికీలకు, వెనక తలుపుకు గ్రిల్స్ చేయించుకుందామని పోయినా. కొలతలు రాసుకుంటా ఆ అబ్బాయి తలెత్తకుండానే అడిగినాడు: “ఏ లైను సార్? మూడా, నాలుగా?” నీకెట్ల తెలుసంటే నవ్వినాడు. “మీ వెంచర్‌కు ఈ యేడు ఐదిండ్లకు చేసినా సార్. అన్నీ దొంగలు పడినంకనే. ముందుగాల ఎవరు చేయించుకుంటారు?”

ఆ సాయంత్రం నుంచి నాలుగు రోజులు మా వెంచర్లో ఇంటింటికీ తిరిగినా. గృహప్రవేశం అయిన ఇళ్లు 74. రెండేళ్లలో దొంగలు పడినవి, మాది కలిపి, 6. అందులో కేసు అయినవి రెండే. ఎదురు లైన్లో అక్క చెప్పింది: “మా బండి పోయినప్పుడు పోయినాం తమ్ముడూ. తెల్లకాగితం మీద రాయించుకున్నారు, చూస్తాం పొమ్మన్నారు. ఎఫ్ఐఆర్ ఏమీ ఇయ్యలే.” ఇంకొకాయన అసలు స్టేషన్‌కే పోలేదు. ఇల్లు అమ్మాలనుకుంటున్నాడంట, కేసంటే రేటు పడిపోతుందని. ఇంకొకరికి బోరు మోటరు వైరు పోయింది. “దానికి కూడా కేసా సార్?” అన్నారు.

అంటే బ్రోకర్ కాగితంలో మా ఇళ్లు పచ్చగా కనపడింది దొంగతనాలు లేక కాదు. రాసుకోక.

అప్పుడు ఆ కాగితం తీసి వెలుతురుకు పెట్టినా. ఎన్ని బొక్కలో చెప్తా.

మొదటిది, ‘మొత్తం కేసులు’ అన్న గడి. టౌన్ స్టేషన్ పరిధిలో బజారు వీధులు, సర్కిళ్లు ఉంటాయి. పల్లెల నుంచి వచ్చే జనమంతా పగలు అక్కడే. వాళ్ల జేబు కొట్టినా, సెల్లు పోయినా కేసు ఆ స్టేషన్లోనే. కానీ భాగించింది మాత్రం అక్కడ కాపురం ఉండేవాళ్ల సంఖ్యతో. పైగా మొత్తం కేసుల్లో పేకాట, మట్కా, సారా, రోడ్డు ప్రమాదాలు కూడా కలుస్తాయి. పోలీసులు గట్టిగా దాడులు చేస్తే ఆ అంకె పెరుగుతుంది. పేకాట కేసులు యాభై పెట్టిన స్టేషన్ పరిధిలో మీ బీరువాకు ముప్పు ఎక్కువని ఎట్లా అంటాం?

రెండోది జనాభా. మన దగ్గర చివరగా అచ్చయిన జనగణన 2011ది. అప్పుడు అనంతపురం నగరం 2.61 లక్షలు. ఆ తర్వాత ఊరు ఎటు పెరిగిందో మీకు తెలుసు, రుద్రంపేట, పాపంపేట, కక్కలపల్లి దిక్కుకు పోతే నగరం ఎక్కడ ఆగి పంచాయతీ ఎక్కడ మొదలైందో కంటికి కనపడదు. ఆ కాగితంలో టౌన్‌కు 2011 లెక్క వేసి, రూరల్‌కు ఎవరో ‘ఇప్పటి అంచనా’ వేసినారు. భాగించే అంకె ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది. మా క్యాష్ కౌంటర్లో ఇట్లా చేస్తే సస్పెండ్ చేస్తారు.

మూడోది నాకు బాగా కోపం తెప్పించింది. పీడీఎఫ్ చివర పేపర్ కటింగ్ ఒకటి అతికించినాడు, ‘జిల్లాలో తగ్గిన నేరాలు’ అని. పోల్చింది 2021తో 2022ను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాయి కదండీ! 63 మండలాల అనంతపురం జిల్లాలో 32 మండలాలు శ్రీసత్యసాయి జిల్లాకు పోయి, మనకు 31 మిగిలినాయి. సగం జిల్లా పక్కకు పోతే కేసులు తగ్గక పెరుగుతాయా? కర్నూలు వాళ్లకు నంద్యాల, కడప వాళ్లకు అన్నమయ్య జిల్లా ఇట్లాగే విడిపోయినాయి కాబట్టి, 2022కు ముందూ వెనకా అంకెలు పక్కపక్కన పెట్టి ఎవరు చూపించినా ఏ మండలాల లెక్కో అడగండి.

దేశమంతటి నేరాల లెక్కలతో కేంద్రం వేసే ఎన్‌సీఆర్‌బీ పుస్తకం ఉంది కదా అంటారు. నేనూ తిరగేసినా. అందులో మెట్రోలని విడిగా చూపేవి 20 లక్షల జనాభా దాటిన నగరాలు. అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఆ పట్టికలో లేవు. జిల్లా లెక్క దొరుకుతుంది గానీ, గుంతకల్లు, రాయదుర్గం, ఉరవకొండ అన్నీ కలిపిన అంకె మా మూడో లైను గురించి ఏం చెప్తుంది? ఇంకో కిటుకు కూడా ఉంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే, వాళ్లు అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. దొంగతనానికి వచ్చి మనిషిని చంపితే అది హత్య లెక్కలోకి పోతుంది, దొంగతనం గడిలో కనపడదు.

మరి ఏం చూడాలి? నేను ఇప్పుడు కొనేదుంటే ఏం చేస్తానో చెప్తా.

స్టేషన్ల వారీగా ఎఫ్ఐఆర్‌లు మనమే చూడొచ్చు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని. పోలీసు శాఖ సైటులో జిల్లా, స్టేషన్, తేదీ పెట్టి వెతకండి. మొత్తం లెక్కించొద్దు, సెక్షన్లు చూడండి. ఇంట్లో దొంగతనమైతే, నేరాలకు శిక్షలు చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్ 305, తలుపు పగలగొట్టి లోపలికొస్తే 331, మెడలో గొలుసు లాగితే 304, మామూలు దొంగతనం 303. 2024 జూలైకి ముందు కేసులైతే పాత ఐపీసీ 379, 380, 457. ఓపిక ఉంటే ఎస్పీ ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీరు కొనే వీధి పేరు రాసి, మూడేళ్లలో ఇళ్ల దొంగతనాల కేసులెన్నని సూటిగా అడగండి. ఇల్లు కొనడానికి ఆరు నెలలు తిరుగుతాం, ముప్పై రోజులు ఆగలేమా?

అయినా కేసు కానివి అందులోనూ రావు. దానికి మనిషినే అడగాలి. బ్రోకర్ లేకుండా, పండగ మరుసటి రోజు పోండి. తాళాలు వేసిన ఇళ్లు లెక్కపెట్టండి. మా వెంచర్లో మొన్న సంక్రాంతికి మా లైన్లో పది ఇళ్లుంటే ఏడింటికి తాళాలు. సగం మంది బెంగళూరులో ఉద్యోగాలు, ఇల్లు పేరుకే ఇక్కడ. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకోసారి పోయి ఎన్ని ఇళ్లల్లో లైట్లు వెలుగుతున్నాయో చూడండి. పాలు పోసే మనిషిని, ఇస్త్రీ బండి ఆయన్ను అడగండి. ముఖ్యంగా దగ్గర్లో వెల్డింగ్ షాపు ఉంటే అక్కడ టీ తాగండి.

కేసు కాపీ కోసం తిరిగే రోజుల్లో ఒకసారి ఊరికే ఆ పాతూరు సందులోకి పోయినా. పొద్దున ఆరు కాకముందే మూలలో బండి మీద ఉగ్గాని, బజ్జీలు వేస్తున్నారు. అరుగు మీద ఒక పెద్దాయన బీడీ ముట్టించి, నన్ను ఎగాదిగా చూసి, “ఎవరు కావాలబ్బీ?” అన్నాడు. సందులో ఇరవై అడుగులు నడిచేసరికి ముగ్గురు అడిగినారు. ఆ రోజు అది నాకు చికాకు అనిపించింది. మా వెంచర్లో దొంగలు నీళ్లు తాగి మూత బిగించి పోయినా అడిగినవాడు లేడని తర్వాత అనుకున్నా. ఆ మిద్దె అప్పటికే ఎవరో కొనుక్కున్నారు.

ఈ ఇల్లు ఇప్పుడు అమ్మలేను, లోను ఉంది. వెనక తలుపుకు గ్రిల్ పెట్టించినా. ఊరికి పోయేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేస్తే తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, ఉగాదికి ముందు నాకు ఆ సంగతే తెలీదు. మా లైనులో మిగిలినవాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఎక్కువగా గుడ్ మార్నింగులే వస్తాయనుకోండి.

పోయిన ఆదివారం అదే బ్రోకర్ తెల్ల కారులో ఇంకో కుటుంబాన్ని పిల్చుకొచ్చినాడు, మా పక్కిల్లు చూపించడానికి. ఆయన ఫోన్ తెరిచి పీడీఎఫ్ చూపిస్తున్నాడు. భర్త వంగి చూస్తున్నాడు. ఆవిడ మాత్రం మా గోడ పక్కకు వచ్చి నిలబడి, మా కిటికీల దిక్కు చూసింది. ఇంకా పెయింట్ వేయలేదు, రెడ్ ఆక్సైడ్ ఎర్రగా మెరుస్తోంది.

“గ్రిల్స్ కొత్తగా పెట్టించినారా అన్నా?” అంది.

“లోపలికి రామ్మా, టీ తాగుదురు” అన్నా నేను.