ఆర్‌ఎక్స్ 100కి ఇన్‌టేక్ సామాన్లు: పికప్ పెరుగుతుందా, సౌండే పెరుగుతుందా?

నా బండి యమహాతో కలిసి ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు ఇక్కడ బండ్లు చేసిన కాలం నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. 98 సీసీ టూ స్ట్రోక్, 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్ అని కంపెనీ లెక్క. 1996లోనే తయారీ ఆగిపోయినా దీని మీద మోజు తగ్గలేదు. అందుకే పికప్ పెంచుతామంటూ అమ్మే సామాన్లకీ కొదవ లేదు. కోన్ ఫిల్టర్ (శంకు ఆకారపు గాలి ఫిల్టర్), గాలిని తిప్పే ఫ్యాన్ బిళ్ల, బూస్ట్ బాటిల్ (కార్బొరేటర్ దాటాక రబ్బరు పైపుతో తగిలించే చిన్న సీసా), ఫైబర్ రీడ్లు (ఇంజిన్‌లోకి మిక్చర్ పోయే దారిలో తెరుచుకుని మూసుకునే పలచటి రేకులు): వీటన్నిటినీ ఏళ్ల తరబడి మార్చి మార్చి వాడాను. నరసరావుపేట చుట్టుపక్కల రోడ్లు, కోటప్పకొండ ఘాట్, మధ్యలో మట్టి డొంకలు. సైలెన్సర్, బోరు మాత్రం కంపెనీవే, ముట్టుకోలేదు. కాబట్టి వచ్చిన తేడా ఇన్‌టేక్ వైపుదే, అంటే ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు పోయే దారిదే.

అందరూ ముందు కొనేది కోన్ ఫిల్టర్. బిగించిన వెంటనే బండి గొంతు మారిపోతుంది. రేజ్ ఇస్తే గాలి పీల్చే శబ్దం మోకాళ్ల దగ్గరే వినిపిస్తుంది, బండి ఉరికినట్టే ఉంటుంది. ఘాట్ ఎక్కితే గానీ అసలు సంగతి బయటపడదు. మలుపు తిరిగి మూడో గేర్లో రేజ్ ఇస్తే, కంపెనీ ఫిల్టర్ బాక్స్‌తో సాఫీగా అందుకునే చోట ఒక్క క్షణం తడబడి ఆ తర్వాత లాగింది. సైడ్ ప్యానెల్ వెనకుండే ఆ బాక్స్ ఎంత గాలి వదులుతుందో చూసుకునే, కార్బొరేటర్‌లో జెట్లు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలున్న బిళ్లలు) పెట్టారు. బాక్స్ తీసేస్తే గాలి పెరుగుతుంది, పెట్రోలు అంతే వస్తుంది. మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు ఉండదు.

దీన్ని ప్లగ్‌లో కళ్లారా చూడొచ్చు. ఖాళీ రోడ్డు మీద ఫుల్ రేజ్‌తో కాసేపు లాగి, క్లచ్ పట్టి, తాళం తిప్పి ఇంజిన్ ఆపేయాలి. స్లోలో ఆడనిస్తే రంగు మారిపోతుంది. బండి పక్కకు తీసి ప్లగ్ విప్పితే లోపలి పింగాణీ బిస్కెట్ రంగులో ఉండాలి. నాకు సున్నం కొట్టిన గోడలా తెల్లగా కనబడింది. ఆ స్థితిలో మధ్యాహ్నం ఎండలో అలాగే లాగిస్తే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. మన బండిలో ఆయిల్ పంపు వేరేగా ఉంది కాబట్టి కాస్త నయం. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లకైతే పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. వాటికి ఇలాంటి ఫిల్టర్ ప్రయోగాలు అసలు చేయొద్దు.

మెయిన్ జెట్ పెద్దది వేయించి, మధ్య రేజ్‌లో పెట్రోలు ఎంత రావాలో తేల్చే నీడిల్ క్లిప్ సరిచేయించాక తడబాటు పోయింది. పై స్పీడులో కొంచెం, చాలా కొంచెం, చురుకుదనం వచ్చింది. కింద నుంచి లాగే బలం పెరగలేదు. మైలేజీ మాత్రం తగ్గింది.

ఇక దుమ్ము. కోన్ ఫిల్టర్ మూతి లోపల పలచగా గ్రీజు రాసి మట్టి దారుల్లో తిప్పి, విప్పి వేలితో రాస్తే ఇసుక గరగరలాడింది. ఫోర్ స్ట్రోక్‌లో గాలి నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. టూ స్ట్రోక్‌లో ముందు క్రాంక్ కేసులోకి (ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే గదిలోకి) పోయి, ఆ తర్వాతే పైకొస్తుంది. అంటే దుమ్ము మొదట కనెక్టింగ్ రాడ్ బేరింగుని తిని, తర్వాత బోరు మీద పడుతుంది. అదే పరీక్షలో నూనె పట్టించిన కంపెనీ ఫోమ్ వెనక గ్రీజు శుభ్రంగా ఉంది. నా దృష్టిలో కోన్ ఫిల్టర్ కథ అక్కడితో ముగిసింది.

ఫ్యాన్ బిళ్ల గురించి రెండు ముక్కలు చాలు. అసలే సన్నగా ఉండే దారికి అడ్డంగా రేకు పెట్టడం అది. పనికిరాదు.

బూస్ట్ బాటిల్ అలా కొట్టిపారేసేది కాదు. 1980ల మొదట్లో యమహాయే కొన్ని టూ స్ట్రోక్ బైకులకు ఇలాంటిది ఇచ్చింది. రీడ్ మూసుకున్నప్పుడు వెనక్కి తన్నే మిక్చర్‌ని ఈ సీసా దాచుకుని, మళ్లీ తెరుచుకున్నప్పుడు అందిస్తుంది. చిక్కేమిటంటే ఇంజిన్ 3000 తిరిగేటప్పుడు సెకనుకి 50 సార్లు పీలుస్తుంది, 7500 దగ్గర 125 సార్లు. ఒక సైజు సీసా, ఒక పొడవు పైపు ఈ మొత్తానికీ సరిపోవు. ఊళ్లో రెండో గేర్లో నెమ్మదిగా పోయేటప్పుడు కుదుపు తగ్గడం నిజమే. టాప్ స్పీడు, ఎత్తు ఎక్కే బలం మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పైగా ఆ రబ్బరు పైపు పగిలితే దొంగగాలి లోపలికి పోతుంది.

నాకు పూర్తి తృప్తినిచ్చినవి రీడ్లు. పాత బ్లాక్ విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే రేకుల అంచుల్లోంచి వెలుగు కనిపించింది, ఒక రేకు మూల చిట్లింది కూడా. స్టీలు రేకు ముక్క విరిగి లోపల పడితే పిస్టన్ పాడవుతుంది. ఫైబర్ రీడ్లు వేశాక కిక్ తేలికగా అందుకుంది, రేజ్ ఇవ్వగానే జవాబు వచ్చింది. అయితే పోల్చి చూద్దామని కొత్త స్టీలు రీడ్లు కూడా వేసి నడిపాను. దాదాపు అంతే బాగుంది! అంటే పికప్ పెరగలేదు, అరిగిపోయిన పికప్ తిరిగొచ్చింది. పాత బండ్లలో చాలావాటికి ఇదే వర్తిస్తుంది.

ఏదైనా కొనే ముందు కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు జాయింటు చూడండి. స్లోలో ఆడుతుండగా దాని చుట్టూ కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెంగా కొట్టండి. ఇంజిన్ శబ్దం మారిందంటే అక్కడ గాలి లాగుతున్నట్టే. ఇంజిన్ వేడిగా ఉంటే మాత్రం చేయొద్దు, అంటుకుంటుంది. బంకుల్లో ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వస్తున్నాక ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, మిక్చర్ మరింత లీన్ అవుతుంది. నేను దానికోసమే కంపెనీ బాక్స్‌తోనే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను, ప్లగ్ ఇప్పుడు బిస్కెట్ రంగులో ఉంటోంది.

నిజంగా హార్స్‌పవర్ కావాలంటే చూడాల్సింది సైలెన్సర్ వైపు. టూ స్ట్రోక్ ఎంత కొత్త మిక్చర్ నిలుపుకుంటుందో ఎక్కువగా తేల్చేది ఎగ్జాస్ట్‌లో వెనక్కి వచ్చే అల. ఎక్స్‌పాన్షన్ చాంబర్ (ఆ అలని వాడుకునేలా మధ్యలో లావుగా చేసిన సైలెన్సర్) వేస్తే ఇన్‌టేక్, జెట్లు దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఒక్క ఇన్‌టేక్ మార్చి ఆ పని చేయించలేం. ఆ చాంబర్ల మోతకి పోలీసులు బండి ఆపుతారన్నది కూడా లెక్కలో వేసుకోండి.