నాలుగున్నరేళ్లు, 46 వేల కిలోమీటర్లు: సైలెన్సర్ సరే, ఆ పట్టీ సంగతే చెప్పాలి

నా బండి 2017 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బురేటర్ ఉన్న బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణాల) మోడల్. నేను మందుల కంపెనీలో రెప్‌ని. ఉండేది విజయనగరంలో. గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వారం వారం తిరగాల్సిందే. 2021 సంక్రాంతి సెలవుల్లో ఇంటి వాకిట్లో కూర్చుని కంపెనీ సైలెన్సర్ విప్పేసి, స్టెయిన్‌లెస్ స్టీలు పొట్టి సైలెన్సర్ నేనే బిగించుకున్నాను. తర్వాత ఒక్కొక్కటిగా ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జర్, లెగ్ గార్డ్, బ్యాగులు తగిలించే ఫ్రేము. దేనికీ మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు.

ఆ ఏడాదంతా తెలిసినవాళ్లకి ఒకటే మాట చెప్పాను. పదిహేను నిమిషాల పని, ఒక క్లాంపు, ఒక బోల్టు, అంతే అని. నా మాట మీద ఇద్దరు స్నేహితులు అదే సైలెన్సర్ కొన్నారు. ఇప్పుడు ఆ మాట సరిచేసుకోవాలి. బిగించడం పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. సరిగ్గా బిగించాలంటే గంట పడుతుంది. ఆ ముప్పావుగంట ఎందుకో నాకు సాలూరు, కొరాపుట్ మధ్య కొండదారిలో, సుంకి ఘాట్‌లో తెలిసింది.

ముందు నచ్చింది చెప్తాను. సైలెన్సర్ బరువు దాదాపు సగానికి తగ్గింది, ఇరుకు సందులో బండి వెనక్కి తీసేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. శబ్దం కోసం నేను కొనలేదు. క్లినిక్కుల ముందు, రోగులు కూర్చున్న చోట బండి ఆపే ఉద్యోగం నాది. లోపల శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ అని ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని ఉంచితే బండి మెత్తగా, లోతుగా పలుకుతుంది. ఒకసారి తీసి రెండు వారాలు నడిపి చూశాను. స్పార్క్ ప్లగ్గు విప్పితే కాఫీ రంగు పోయి తెల్లగా మాడినట్టు ఉంది. పొగ ఇంత సులువుగా బయటికి పోతుంటే కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు కూడా మార్చాలి, లేకపోతే పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కుతుంది. నాకు ఆ అవసరం కనిపించలేదు. గొట్టం మళ్లీ లోపల పెట్టేశాను, ప్లగ్గు రంగు మళ్లీ కుదురుకుంది.

ఇక ఘాట్ సంగతి. 2022 జూలై, ఆదివారం. కొరాపుట్‌లో బంధువుల ఇంటికి వెళ్లి తిరిగి వస్తున్నాను. పొట్టంగి దగ్గర వాన మొదలైంది. సుంకి దాటి కిందికి దిగుతుంటే కుడికాలి వెనక టంగుమని చప్పుడు, ఆ వెంటనే ఇనుప గిన్నెని సిమెంటు నేల మీద ఈడుస్తున్నట్టు గీసుకుంటున్న శబ్దం. పక్కకి ఆపి చూస్తే సైలెన్సర్ తోక రోడ్డుకి ఆనుతోంది. ముందువైపు గొట్టం దగ్గరి క్లాంపు ఒక్కటే దాన్ని పట్టుకుని ఉంది. వెనక ఫుట్‌రెస్ట్ దగ్గర బిగించే పట్టీ, సైలెన్సర్‌కి అతికిన చోటే, కత్తితో కోసినట్టు తెగిపోయింది.

బ్యాగు కట్టే రబ్బరు తాడు ఉంది గాని, అది వేడికి నిలవదు. టూల్ బాక్సులో స్పేర్ క్లచ్ కేబుల్ ఉంటే, దాని లోపలి తీగ లాగి, సైలెన్సర్ కింద నుంచి రెండు చుట్లు తిప్పి ఫుట్‌రెస్ట్ గొట్టానికి కట్టాను. చెయ్యి రెండుచోట్ల కాలింది. ఒక లారీ క్లీనరు దిగొచ్చి సైలెన్సర్‌ని తువ్వాలుతో పైకెత్తి పట్టుకోకపోతే ఆ ముడి పడేది కాదు. అక్కడి నుంచి ఇరవై స్పీడు మించకుండా, ప్రతి వంపులో అదేం చేస్తుందో అన్న టెన్షన్‌తో సాలూరు చేరాను.

ఆదివారం బైకు షాపులన్నీ మూసి ఉన్నాయి. సాలూరు లారీల ఊరు కాబట్టి వెల్డింగ్ షెడ్డు ఒకటి తెరిచే ఉంది. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. నేను పట్టీని తిడుతున్నాను, పల్చటి రేకు పెట్టారు, డబ్బులు తీసుకుని మోసం చేశారు అని. ఆయన ఏమీ అనకుండా కిందికి వంగి ముందువైపు క్లాంపు బోల్టు వదులు చేశారు. సైలెన్సర్ టక్కున పక్కకి జరిగింది. బొటనవేలి మందం జరిగింది. నేను కళ్లారా చూశాను.

"ఇది ఇరగనేదు బాబూ, ఇరిసీసినారు" అన్నారు.

"ఎవరు మేస్త్రీగారూ?"

"బిగించినోలు."

నేనే బిగించానని చెప్పాను. "అయితే మీకు సెప్తే సాలు" అని నా చేతిలో స్పానరు పెట్టి పక్కన కూర్చున్నారు.

నేను చేసిన తప్పు ఇదీ. సైలెన్సర్ కింద పడకుండా ఉండాలని మొదటే వెనక పట్టీ బోల్టు గట్టిగా బిగించి, ఆ తర్వాత ముందు గొట్టాన్ని క్లాంపులోకి లాగి కూర్చోబెట్టాను. అంటే పద్దెనిమిది నెలలు ఆ పట్టీ ఒక పక్కకి గుంజుకునే ఉంది. పైగా కంపెనీ సైలెన్సర్‌కి ఉండే రబ్బరు బుష్ దీనికి లేదు, రేకు నేరుగా ఫ్రేముకి బిగిసింది. "ఇంజిను వొణుకుతాది, కాలిన గొట్టం సాగుతాది. ఆ రెండింటికీ మద్దిన ఈ రేకుముక్కని కట్టీసినారు. అదెంతకని ఓర్సుకుంటాది?" అన్నారు ఆయన.

సైలెన్సర్ బండి నుంచి విప్పించి, పాత రేకు గ్రైండరుతో తీసేసి, ఐదు మిల్లీమీటర్ల పట్టీ స్టెయిన్‌లెస్ రాడ్డుతో అతికారు. మూలన చిన్న త్రికోణం ముక్క ఆసరాగా పెట్టారు. బోల్టు రంధ్రం పెద్దది చేసి, లారీ షాక్ అబ్జార్బర్ బుష్ ఒకటి కోసి అందులో దూర్చారు. బోల్టు బిగిస్తే రబ్బరు నలిగిపోకుండా మధ్యలో ఇనుప గొట్టం ముక్క వేశారు. ఆ తర్వాత నా చేతే బిగింపించారు. ముందు అన్నీ వదులుగా పెట్టాలి. సైలెన్సర్‌ని చేత్తో కదిపి, దానంతట అది ఎక్కడ నిలబడుతుందో చూడాలి. ఇంజిన్ దగ్గర రెండు నట్లు, తర్వాత క్లాంపు, అన్నిటికంటే ఆఖరున వెనక బోల్టు. మొత్తం 350 రూపాయలు తీసుకున్నారు. ఇప్పటికి 28 వేల కిలోమీటర్లు అయింది, ఆ అతుకు కదల్లేదు. రబ్బరు బుష్ ఒక్కసారి మార్చాను.

అందుకే సైలెన్సర్ అమ్మినవాళ్ల మీద కోపం ఇప్పటికీ ఉంది, కాకపోతే సగమే. బుష్ ఇవ్వకపోవడం వాళ్ల తప్పు. ఏ బోల్టు ముందు బిగించాలో పెట్టె లోపలి కాగితం మీద ఒక్క ముక్క రాయకపోవడం కూడా. ఇంత డబ్బు తీసుకున్నవాళ్లకి ఒక రబ్బరు ముక్క భారమా?

శబ్దం ఎప్పటికీ మారదని కూడా చెప్పేవాణ్ణి. అదీ పూర్తిగా నిజం కాదు. 30 వేలు దాటాక బండి గొంతు బొంగురుపోయింది. రివెట్లు తీసి చూస్తే లోపల శబ్దం అణిచే గ్లాస్ ఊల్ (గాజు పీచు) కాలి పీలికలైంది. కొత్తది చుట్టి పెడితే పాత గొంతు తిరిగొచ్చింది. చేతులకి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, లేకపోతే రెండ్రోజులు దురదే.

మిగతా వస్తువుల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఫాగ్ లైట్లకి రిలే, విడిగా ఫ్యూజు వేశాను, ఒక్కసారీ మొరాయించలేదు. చార్జర్‌ని ఇగ్నిషన్ లైనుకి కలపండి, నేరుగా బ్యాటరీకి వద్దు. లెగ్ గార్డ్ బొబ్బిలి దారిలో నా కాలు కాపాడింది.

చట్టం సంగతి దాచకూడదు. 175 సీసీ దాటిన బండి శబ్దం 80 డెసిబెల్స్ లోపే ఉండాలి. 2019 సవరణ తర్వాత శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే మొదటిసారే 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు లేకుండా పోవడం కూడా ఉంది. విజయనగరంలో పోలీసులు నన్ను రెండుసార్లు ఆపారు, విని పంపేశారు. పంపేశారు కాబట్టి చట్టబద్ధమని నేను అనను. డీబీ కిల్లర్ తీసి ఊళ్లో తిరిగేవాళ్లని మాత్రం సమర్థించలేను. కంపెనీ సైలెన్సర్ గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంచాను.

మళ్లీ కొంటానా అంటే, నా బండికైతే కొంటాను. నాది పాత మోడల్, వారంటీ ఎప్పుడో అయిపోయింది, ఎక్కువగా ఒక్కణ్ణే తిరుగుతాను, ఆదివారం స్పానరు పట్టుకోవడం నాకిష్టం. బీఎస్6 బండి ఉన్నవాళ్లు నన్ను చూసి కొనకండి, దాని గొట్టం మీద ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, లెక్క వేరు.

సాలూరు నుంచి వచ్చిన మర్నాడే ఆ ఇద్దరు స్నేహితులకీ ఫోన్ చేశాను. ఒకతను అప్పటికే సైలెన్సర్ అమ్మేశాడు. రెండో అతనిది ఆమదాలవలస. ఆ తర్వాతి ఆదివారం స్పానర్లు, రెండు బుష్‌లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. క్లాంపు వదులు చేయగానే అతని సైలెన్సర్ కూడా పక్కకి జరిగింది. పట్టీ మూల తడిగుడ్డతో తుడిస్తే వెంట్రుకంత సన్నటి గీత కనిపించింది. గోరుతో గీకి చూశాను, తగిలింది. అతను పిల్లలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని రోజూ బడికి దింపేది ఆ బండి మీదే.